ముప్పై ఏడో కాలు

బ్రాడీపేట నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు.
కింద జిరాక్స్ షాపు, పైన మేం ముగ్గురం,
ఒక సోల్డరింగ్ ఐరను, సగం తిన్న బజ్జీల పొట్లం.
బల్ల మీద అరచేతి వెడల్పు బోర్డు,
నడుమ నల్లటి చిప్పు,
చుట్టూ నూట నలభై నాలుగు కాళ్లు.
జెర్రి అనుకునేరు.
జెర్రికి అన్ని కాళ్లూ నడవడానికే.

ఈ కాళ్లకి ఒక్కోదానికి నాలుగు పనులు.
ముప్పై ఏడో దాన్నే చూడండి:
సున్నా రాస్తే ఉత్త తీగ, లేస్తుంది, పడుతుంది, అంతే.
ఒకటి రాస్తే సీరియల్ పోర్టు, గడగడా వాగుతుంది.
రెండు రాస్తే తాళం వేస్తుంది.
మూడు రాస్తే నోరు మూసుకుని
అవతల ఎన్ని వోల్టులున్నాయో వింటుంది.
చిప్పు చేసినవాళ్లు పదమూడొందల పేజీల పుస్తకం ఇచ్చారు.
ఈ సంగతి ఎనిమిదొందల పన్నెండో పేజీలో,
పట్టిక కింద, చీమతలకాయంత అక్షరాల్లో.
డెమో బోర్డు ఫైలు రత్నాకర్ యథాతథంగా దింపాడు.
నేను చూశానని సంతకం పెట్టాను.
చూళ్లేదు.

ఏప్రిల్లో ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీకి పట్టుకెళ్లాం.
అమ్మోనియా లీకైతే సైరన్ కూయించడం మా బోర్డు పని.
ముప్పై ఏడో కాలు కిందికి పడితే కూత.

స్విచ్చి వేశాను.
సైరన్ ముక్కలు ముక్కలుగా కూసింది,
మింగుతున్న ముద్ద గొంతుకి అడ్డం పడ్డట్టు.
ముఠా కూలీలు ఎక్కడి బస్తాలక్కడ వదిలి పరిగెత్తారు.
ఒక బస్తా పగిలింది. మెట్ల నిండా తేజ కాయలు.
బయట ఎండలో అందరూ తుమ్ములు, దగ్గులు,
ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

కంప్రెసర్ దగ్గర మునాఫ్ గారు మాత్రం కదల్లేదు.
ముక్కు ఎగబీల్చి, "వాసన లేదు" అన్నారు.
"మీ పెట్టె ఏందో మాట్లాడతంది అమ్మాయ్, ఇను."

నిజమే, మాట్లాడుతోంది.
బూట్‌లోడరు ఆ కాలికి ఒకటి రాసి పెట్టింది.
నా డ్రైవరు లేచి సున్నా రాసేలోపు
మూడు సెకన్లు,
నిద్రలేస్తూ చిప్పు తనలో తాను గొణుక్కునేదంతా,
మెమరీ ఇంత, గడియారం ఇంత, అంతా కులాసా,
సైరన్‌లోంచి వచ్చింది.
అంతా కులాసా అన్న మాటకే
జనం చెప్పులు వదిలి పారిపోయారు.

ఆ రాత్రి ఆసిలోస్కోపు పచ్చగీత ముందు కూర్చున్నాను.
వాగుడుని నలభై ఒకటో కాలికి మార్చాను.
సైరన్ కాలికి, పైకి లాగి పట్టేందుకు,
ఆవగింజంత రెసిస్టరు అతికించాను.
అయినా ఒక చిన్న కీచు మిగిలింది.
తెల్లవారుజామున తెలిసింది, వరస తప్పు:
ముందు కాలు ఎత్తి పట్టుకోవాలి,
ఆ తర్వాతే పని మార్చాలి.
తిరగేస్తే నడుమ ఒక రెప్పపాటు
కాలు కిందికి జారుతుంది. కూత ఆ సందులోదే.
రెండు పంక్తులు అటుదిటు చేశాను.
కింద పాలవాడు బండి స్టాండు వేస్తున్నాడు.

పొద్దున స్విచ్చి వేస్తే చప్పుడు లేదు.
రత్నాకర్ నా వీపు చరిచాడు.
మెట్ల మీద కాయలు ఊడుస్తున్న వెంకాయమ్మ
చీపురు ఆపి అడిగింది,
"అయితే ఇంక మోగినా పర్లేదా?"

పదమూడొందల పేజీల్లో దీనికి జవాబు లేదు.

మునాఫ్ గారే అందర్నీ పిలిచి నిలబెట్టారు.
నేను చేత్తో సున్నా రాసి, కాలు కిందికి దించాను.
తెగకుండా, సన్నగా, పొడుగ్గా కూసింది.
"ముక్కలైతే మా తప్పు," అన్నాను,
"ఇట్టా వస్తే మాత్రం ఆగొద్దు."
ఒకరిద్దరు నవ్వారు. ఒకతను బీడీ వెలిగించబోయి మానుకున్నాడు.
వెంకాయమ్మ చీపురు చేత్తోనే
గుమ్మం దాకా నడిచింది,
అక్కడ ఆగి
నా వంక చూసింది.